కొంచెం అన్న మాట

సోమవారం పాప తల స్కానింగ్ ఫలితం చెప్పడానికి తల్లిదండ్రుల్ని కూర్చోబెట్టినప్పుడు, పసిపిల్లల వార్డు పెద్ద డాక్టరు వెబ్ నోటి నుంచి ఒక మాట వచ్చింది. "మొదటి విడత స్టెరాయిడ్ ఇచ్చేముందు మీకు చెప్పినట్టే..." అన్నాడాయన. పుష్పలీల తలెత్తి భర్త వంక చూసింది. అచ్యుత్ కార్పెట్ వంక చూశాడు. ఆయన ఇంగ్లీషును ఆమెకు తెలుగులో చెప్పడానికి పక్కనే కూర్చున్న డాక్టర్ ప్రఫుల్ల ఆ ఒక్క వాక్యాన్ని మాత్రం చెప్పకుండా మింగేసింది. కానీ స్టెరాయిడ్ అనే మాటకు తెలుగు అక్కర్లేదు.

స్రవంతి ఇరవై అయిదో వారంలోనే, ఏడువందల గ్రాముల బరువుతో, నాటింగ్‌హామ్ ఆసుపత్రిలో ఆగస్టు మొదట్లో పుట్టింది. ఊపిరితిత్తులు తయారు కాకముందే బయటపడ్డ బిడ్డ. ఆమె ప్రాణం నిలిపింది వెంటిలేటర్. ఆ లేత ఊపిరితిత్తుల్ని రోజురోజుకీ వాచి గట్టిపడేలా చేసిందీ ఆ వెంటిలేటరే. నాలుగో వారానికి మిషన్ ఎంత గాలి తోసినా పాప ఒంట్లో నీలం తగ్గలేదు. సరిగ్గా ఆ రోజుల్లోనే పుష్పలీలకు దగ్గు, జ్వరం వచ్చాయి. వార్డులోకి రాకూడదన్నారు. తొమ్మిది రోజులు ఆమె ఫ్లాట్‌లో పడుకుని ఫోన్ వంక చూస్తూ గడిపింది. తిరిగి వచ్చేసరికి పాప గొంతులో ట్యూబు లేదు. బిడ్డ ఏడుపు ఆమె మొదటిసారి విన్నది ఆ రోజే. "నా పాలు ఒంటికి పట్టినాయక్కా" అని ప్రఫుల్ల చేతులు పట్టుకుంది. ప్రఫుల్ల అవునన్నట్టు తలూపింది.

ఇప్పుడు అక్టోబరు. అయిదు రోజుల కిందట పాపకు ఇన్ఫెక్షన్ సోకి మళ్ళీ వెంటిలేటర్ మీదికి చేరింది. స్కాన్‌లో మెదడులో రెండు వైపులా చిన్న చిన్న గుంటలు కనిపించాయి. రెండో విడత మందు ఇవ్వాలా వద్దా అన్నది గురువారం సాయంత్రం నాలుగు గంటలకల్లా తేల్చుకోమన్నాడు వెబ్.

గురువారం పొద్దున పది గంటలకు నర్సు వచ్చి, పుష్పలీల రమ్మంటోందని ప్రఫుల్లతో చెప్పింది.

సోమవారం నుంచీ పుష్పలీల ఎవరితోనూ మాట్లాడలేదు. భర్త తెచ్చిన అన్నం తినలేదు. ప్రఫుల్ల రౌండ్స్‌కి వస్తే కిటికీ వైపు తిరిగి నిలబడేది. వార్డు పక్కన తల్లులు పాలు తీసే గది ఒకటుంది. మూడు కుర్చీలు, ఒక సింకు, పాలు పిండే మిషన్లు. ప్రఫుల్ల వెళ్ళేసరికి ఆమె ఒక్కతే కూర్చుని ఉంది. మిషన్ నడుస్తూనే ఉంది.

"కూచో అక్కా" అంది.

ప్రఫుల్ల కూర్చుంది.

"నేను జ్వరంతో పడుకోనుంటే ఫోన్‌లో మా ఆయనకు ఏం చెప్పినావో, అట్లనే నాకు చెప్పు. అవే మాటలు."

ప్రఫుల్ల తెనాలిలో పుట్టి, గుంటూరులో డాక్టరు చదివి, ఈ దేశం వచ్చి పదేళ్ళయింది. ఈ పదేళ్ళలో ఎన్ని చెడ్డవార్తలు ఎంతమందికి చెప్పిందో లెక్కలేదు. కానీ తను చెప్పిన మాటలే తనను తిరిగి చెప్పమన్నవాళ్ళు లేరు.

"పాప పరిస్థితి బాగాలేదని చెప్పాను. ఊపిరితిత్తుల వాపు తగ్గించే మందు ఒకటుంది, ఇస్తే ట్యూబు తీసెయ్యొచ్చు అన్నాను."

"ఇంకా?"

"తర్వాత్తర్వాత కాళ్ళు కొంచెం బిగుసుకుపోయే అవకాశం ఉందంటున్నారు, అందరికీ రాదులే, అన్నాను."

"డాక్టర్ వెబ్ చెప్పమన్నది అంతేనా?"

ప్రఫుల్ల మిషన్ వంక చూసింది. సీసాలో అడుగున నాలుగు చుక్కల పాలున్నాయి. మూడు రోజులుగా తినకపోతే పాలెక్కడివి?

"కాదు" అంది ప్రఫుల్ల. "ఈ మందు తీసుకున్న పిల్లల్లో కొందరికి మెదడు దెబ్బతిని నడక రావట్లేదని తెలుస్తోంది. అది వస్తే జీవితాంతం పోదు. ఎవరికి వస్తుందో ముందే చెప్పలేం. ఇవ్వకపోతే ఈ వారంలోనే బిడ్డ చనిపోతుందని మా భయం. ఇదీ ఆయన చెప్పమన్నది."

"నువ్వు కొంచెం అన్నావు."

"అన్నాను."

"ఎందుకక్కా?"

"అచ్యుత్ గొంతు వణుకుతోంది లీలా. పక్కగదిలో నువ్వు దగ్గుతుండటం నాకు ఫోన్లో వినబడుతోంది. లీలకు చెప్పొద్దక్కా, జ్వరంలో తట్టుకోలేదు అన్నాడు. సరే అన్నాను. తప్పు అతనిది కాదు, నాది. అతనికీ నేను పూర్తిగా చెప్పలేదు."

పుష్పలీల మిషన్ ఆపేసింది. ఆమె అనంతపురం పిల్ల. ఇరవై ఆరేళ్ళు. గొంతు పెంచి మాట్లాడటం ప్రఫుల్ల ఎప్పుడూ వినలేదు. ఇప్పుడూ పెంచలేదు.

"అడిగింటే నేనూ ఇయ్యమనే చెప్పేదాన్ని. సచ్చిపోతాదంటే ఏ తల్లి వద్దంటాది? కానీ ఆ ట్యూబు తీసినప్పుడు నేను ఊర్లో ఉండే అందరికీ ఫోన్లు చేసి చెప్పినా. నా పాలతోనే నిలబడిందని చెప్పినా. నువ్వు పక్కనే నిలబడి తలకాయ ఊపినావు."

"ఊపాను."

"నన్ను పిచ్చిదాన్ని చేసినారు ఇద్దరూ."

ప్రఫుల్లకు క్షమించమని అడగాలనిపించింది. అడిగితే ఆ భారం కూడా ఈ పిల్ల మీదే పడుతుంది. అందుకని ఊరుకుంది.

పుష్పలీలే మళ్ళీ అడిగింది. "స్కాన్‌లో ఆ గుంటలు మందు వల్లనే వచ్చినాయా?"

"చెప్పలేం. ఇంత ముందుగా పుట్టిన పిల్లలకు మందు లేకుండానే రావచ్చు. ఒంట్లో ఆక్సిజన్ పడిపోయిన రోజుల వల్ల కావచ్చు. మందు వల్ల కావచ్చు. ఎవరైనా గట్టిగా ఇదీ అని చెప్తే నమ్మకు. నేను చెప్పినా సరే."

"ఆ మందు తీసుకున్న పిల్లోళ్ళు పెద్దయితే ఎట్ల ఉంటారు? నువ్వు చూసినావా?"

"చూశాను. ప్రతి గురువారం కింద క్లినిక్‌కి వస్తారు."

"ఈ పొద్దు గురువారమే కదా. నాకు చూపియ్యి."

"అట్లా ఊరికే చూపించకూడదు లీలా. వాళ్ళ తల్లిదండ్రులు ఒప్పుకోవాలి."

"అయితే అడుగు. నన్ను అడగలేదు, వాళ్ళనన్నా అడుగు."

ఆ మాట అనేసి పుష్పలీల సీసాకు మూతపెట్టి, పాప పేరు రాసిన కాగితం అంటించింది. నాలుగు చుక్కలే అయినా పారబొయ్యలేదు.

*

ప్రఫుల్ల క్లినిక్‌కి వెళ్ళి ఆ రోజు రావలసిన పిల్లల జాబితా చూసింది. ఆరుగురున్నారు. నాలుగో పేరు దగ్గర ఆమె చూపు నిలిచిపోయింది. మెగన్. మూడున్నరేళ్ళు. తల్లి లిండా. లిండాకు ఫోన్ చేస్తే, తన బిడ్డ గురించి ఇంకో తల్లి అడుగుతోందంటే తప్పకుండా మాట్లాడతానంది. అంత తేలిగ్గా ఆమె ఒప్పుకోవడంతో ప్రఫుల్ల గుండె ఇంకా బరువెక్కింది. వేరే తల్లిని అడిగి ఉండవచ్చు. ఆ పని చెయ్యలేదు. ఎందుకో ఆమెకే సరిగ్గా తెలియదు.

రెండు గంటలకు క్లినిక్ గదిలో పుష్పలీల కోటు విప్పకుండా గోడవారగా కూర్చుంది. లిండా తలుపు తోసుకుని వచ్చింది. ముప్ఫై దాటిన మనిషి, ఏదో బడిలో పిల్లలకు భోజనాలు వడ్డించే పని. ఆమె ముందు మెగన్ చిన్న చక్రాల ఫ్రేమ్ పట్టుకుని నడుస్తోంది. మోకాళ్ళు ఒకదానికొకటి రాసుకుంటున్నాయి. పాదాలు మునివేళ్ళ మీదే ఆనుతున్నాయి. తలుపు నుంచి బొమ్మల పెట్టె దాకా ఆరడుగులుంటుందేమో. ఆ ఆరడుగులూ నడవడానికి చాలాసేపు పట్టింది. పెట్టె దగ్గరికి చేరాక మెగన్ దబ్బున కూలబడి, పుష్పలీలను చూసి నవ్వింది. ముందుపళ్ళ మధ్య సందుంది.

పుష్పలీల కూడా నవ్వబోయి, నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది.

"ఏం కావాలంటే అది అడగమనండి" అంది లిండా ఇంగ్లీషులో. "నన్నెవరూ ఏమీ అడగరు. అందరూ సానుభూతి చూపించి పోతారు."

"మాట్లాడుతుందా?" అని పుష్పలీల అడిగింది. ప్రఫుల్ల తర్జుమా చేసింది.

"ఆపితే ఆగదు. వాళ్ళ నానమ్మను దబాయిస్తుంది. రంగులన్నీ చెప్తుంది. తినడమే కష్టం, పొలమారుతుంది. శీతాకాలం వస్తే ఇప్పటికీ ఛాతీ పట్టేసి ఆసుపత్రికి వస్తాం. రాత్రిళ్ళు కాళ్ళు పీకుతున్నాయని ఏడుస్తుంది." లిండా కూతురు వినకుండా గొంతు తగ్గించింది. "కొన్ని రోజులు, ఆ వారమే పోయి ఉంటే దాని బాధ తీరిపోయేది కదా అనుకుంటాను. అనుకున్నందుకు తర్వాత బాత్రూములో కూర్చుని ఏడుస్తాను. అప్పుడది తలుపు కొట్టి, మమ్మీ నేను కూడా రావాలి అంటుంది."

ప్రఫుల్ల కాళ్ళ నొప్పి దాకా తెలుగులో చెప్పి ఆపేసింది. పుష్పలీల ఆమె మొహంలోకి చూసింది.

"ఏదో గట్టి మాట చెప్పింది ఆయమ్మ. తగ్గించాకు."

ప్రఫుల్ల తగ్గించలేదు. పోయి ఉంటే బాగుండుననుకోవడం, బాత్రూములో ఏడవడం, తలుపు కొట్టడం, అన్నీ వరసగా చెప్పింది. చెప్తుంటే పుష్పలీల కళ్ళలోంచి నీళ్ళు కారిపోయాయి. ఆమె తుడుచుకోలేదు. లిండా లేచి వచ్చి పక్క కుర్చీలో కూర్చుంది.

"ఆ మందు ఇచ్చేటప్పుడు మీకు చెప్పినారా?" అని అడిగింది పుష్పలీల.

"లేదు. అప్పట్లో ఎవరూ ఏమీ చెప్పలేదు. ఒక పొద్దున వచ్చేసరికి చార్టులో రాసి ఉంది, సూది వేసేశారు. నాలుగు రోజుల్లో మిషన్ తీసేశారు. పండగ చేసుకున్నాం. కాళ్ళ సంగతి బయటపడింది ఏడాది తర్వాత. ఆ మందుకూ దీనికీ ఏమన్నా సంబంధం ఉందేమోనని పోయినేడాది పేపర్లో చదివాను."

ప్రఫుల్ల ఆ మాటలన్నీ తెలుగులో చెప్పింది. చెప్పి, ఆగకుండా ఇంకో మాట కూడా చెప్పింది. చెప్పాలని ముందుగా అనుకున్నది కాదు.

"ఆ చార్టులో రాసింది నేనే లీలా. అప్పుడు జూనియర్‌ని. అప్పటి పెద్ద డాక్టరు రౌండ్స్‌లో రాయమన్నాడు, రాశాను. ఆ రోజుల్లో అందరికీ రాసేవాళ్ళం. ఇంత చెడు జరుగుతుందని తెలియదు. తెలిశాక, క్లినిక్‌కి వచ్చే ఒక్కొక్క పిల్లనీ చూసి ఇంటికెళ్ళి పాత డ్యూటీ డైరీలు తీసేదాన్ని, ఈ పిల్లకు మందు రాసింది నేనేనా అని. మెగన్‌ది నా రాతే. అందుకేనేమో, ఆ రోజు మీ ఆయనతో మాట్లాడేటప్పుడు నా నోటికి ఆ మాట పూర్తిగా రాలేదు."

పుష్పలీల లిండా వైపు చూసింది.

"ఈయమ్మకు తెలుసా?"

"తెలియదు."

"చెప్పు."

"లీలా..."

"నా కోసరం కాదు. ఆయమ్మ నాకు దాచకుండా చెప్పిందే. నువ్వు చెప్పు."

ఏం మాట్లాడుకుంటున్నారని లిండా ఇద్దరి మొహాలూ మార్చి మార్చి చూస్తోంది. ప్రఫుల్ల కుర్చీ ఆమె వైపు తిప్పుకుంది. ఇంగ్లీషులో, వైద్యం మాటలేవీ వాడకుండా చెప్పింది. మెగన్ బొమ్మల పెట్టెలోంచి ఒక గుర్రాన్ని తీసి, తల్లి బూటు మీద నడిపిస్తోంది.

లిండా అరవలేదు. "మీరు నాకు గుర్తున్నారు" అంది. "అప్పుడు మీ జడ ఇంకా పొడుగ్గా ఉండేది. మిషన్ తీసేసిన రోజు మీకు చాక్లెట్ డబ్బా ఇచ్చాను."

"ఇచ్చారు."

"అడిగి ఉంటే సరేననేదాన్ని. అది కాదు నా బాధ. మూడేళ్ళుగా నాలో ఏం తప్పుందోనని వెతుక్కుంటున్నాను. కడుపుతో ఉన్నప్పుడు బరువు మోశాననీ, మెట్లు ఎక్కాననీ. మా అత్తగారు ఆ మాట అన్నారు కూడా. ఆ మందు కూడా కారణం అయి ఉండొచ్చని మీలో ఒక్కరు ఒక్కసారి చెప్పి ఉంటే..."

లిండా మోకాళ్ళ మీద కూర్చుని మెగన్ కాళ్ళకు ప్లాస్టిక్ పట్టీలు బిగించింది. కోటు తొడిగింది. వెళ్ళేముందు పుష్పలీల భుజం మీద చెయ్యి వేసి ఒక్కసారి నొక్కింది. ప్రఫుల్ల వంక చూడలేదు. ఫ్రేమ్ చక్రాల చప్పుడు కారిడార్ చివరిదాకా వినిపించింది.

"ఆయమ్మ పోయేముందు కడాకు ఏమన్నాది?" అంది పుష్పలీల.

ప్రఫుల్ల అది కూడా చెప్పింది. తప్పు వెతుక్కోవడం, మెట్లెక్కడం, అత్తగారి మాట. పుష్పలీల విని తలదించుకుంది. తను కూడా జూలైలో సూపర్‌మార్కెట్ నుంచి బియ్యం మూట మోసుకొచ్చింది. ఆ సంగతి ఇప్పటిదాకా ఎవరికీ చెప్పలేదు. ఇప్పుడు చెప్పింది.

"దానికీ దీనికీ సంబంధం లేదు లీలా."

"ఇది తగ్గించి చెప్పేది కాదు కదా?"

"కాదు. నిజం."

*

నాలుగు గంటలకు వార్డు పక్క గదిలో నలుగురూ కూర్చున్నారు. అచ్యుత్ ఆఫీసు నుంచి నేరుగా వచ్చాడు. గడ్డం గీసుకోలేదు. భార్య పక్కన కూర్చోవచ్చో కూడదో తెలియక ఒక కుర్చీ వదిలి కూర్చున్నాడు. పుష్పలీల ఆ మధ్య కుర్చీ మీది తన సంచి తీసి కింద పెట్టింది. అతను జరిగి కూర్చున్నాడు.

"నాదే తప్పు లీలా" అన్నాడు మెల్లగా. "నువ్వు జ్వరంతో పడుకోనుంటే... ఒక్కణ్ణే భయపడితే సాలనుకున్నా."

"ఇద్దరం భయపడేవాళ్ళం" అంది. అంతకంటే ఏమీ అనలేదు. మూడు రోజుల తర్వాత ఆమె అతనితో మాట్లాడిన మొదటి మాట అది.

డాక్టర్ వెబ్ యాభై అయిదేళ్ళ మనిషి. నెమ్మదిగా, మధ్యలో ఆగుతూ చెప్పాడు. ప్రఫుల్ల ఆయన ఆగినప్పుడల్లా తెలుగులో చెప్పింది. ఈసారి మోతాదు తక్కువ, రోజులు తక్కువ. ఇస్తే ఊపిరితిత్తులు తేరుకోవచ్చు, తేరుకోకపోవచ్చు. మెదడుకు ఇప్పటికే తగిలిన దెబ్బ మీద ఇంకో దెబ్బ పడొచ్చు. ఇవ్వకపోతే మిషన్ మీద ఇంకెన్నాళ్ళు నిలబడుతుందో తెలియదు. నిలబడినా ఊపిరితిత్తుల జబ్బు ముదిరిపోయి, నెలల తరబడి ఇంట్లో కూడా ఆక్సిజన్ పెట్టుకోవలసి రావచ్చు. నడక రాకపోవచ్చు. మాట రావచ్చు, రాకపోవచ్చు. బతకకపోవచ్చు.

ఆ చివరి మాట తెలుగులో పలకడం ప్రఫుల్లకు చాలా కష్టమైంది. అయినా పలికింది. అచ్యుత్ రెండు చేతుల్లో మొహం దాచుకున్నాడు.

"మీరిద్దరూ ఏమనుకున్నా నేను తప్పుపట్టను" అన్నాడు వెబ్. "ఇందులో ఒప్పు ఏదో నాకే తెలియదు."

మాట్లాడుకున్నట్టు, అంగీకరించినట్టు సంతకం చేసే కాగితం బల్ల మీద పెట్టాడు. పుష్పలీల దాన్ని తన ముందుకు లాక్కుంది. మీద పాప పేరుంది. పేరు కింద బరువు రాసుంది, పదకొండు వందల గ్రాములు. భర్త వంక చూసింది. అతను, నీ ఇష్టమే అన్నట్టు తలూపాడు. ఆమె పెన్ను మూత తీసింది.

తలుపు కొట్టకుండానే నర్సు లోపలికొచ్చింది.

"డాక్టర్ వెబ్, రండి. స్రవంతి ట్యూబు లాగేసుకుంది."

నలుగురూ పరిగెత్తారు. ఇంక్యుబేటర్ మూత తెరిచి ఉంది. టేపు ఊడి, ట్యూబు దుప్పటి మీద పడి ఉంది. చెంప మీద టేపు అతికిన చోట చర్మం ఎర్రగా కమిలింది. పాప ఏడుస్తోంది. చప్పుడు సరిగ్గా రావట్లేదు, బొంగురుపోయిన గొంతుతో, పిల్లిపిల్ల కూతలాగ ఉంది. ప్రతి ఊపిరికీ పక్కటెముకల కింద గుంట పడుతోంది. నర్సు ఆక్సిజన్ మాస్కు మొహం దగ్గర పట్టుకుంది. తెర మీద రక్తంలో ఆక్సిజన్ చూపే అంకె, తొంభై దాకా ఉండాల్సింది, ఎనభై ఆరు. ఎనభై నాలుగు.

"తనంత తానే పీలుస్తోంది" అన్నాడు వెబ్, తనలో తను అనుకుంటున్నట్టు. చేతికి గ్లవుజు తొడుక్కున్నాడు. నర్సు కొత్త ట్యూబు కాగితం చించి అందించింది.

ఎనభై ఒకటి.

అచ్యుత్ గోడవారగా నిలబడ్డాడు. పుష్పలీల ఎవరినీ అడగకుండా ఇంక్యుబేటర్‌లోకి చెయ్యి పెట్టి, పాప తల మీద అరచెయ్యి ఉంచింది. ఏడుపు సన్నగిల్లింది. ఊపిరి ఆగిందేమోనని ప్రఫుల్ల ఒక అడుగు ముందుకేసింది. ఆగలేదు. చిన్న ఛాతీ లేచింది, పడింది, మళ్ళీ లేచింది.

డెబ్భై తొమ్మిది.

వెబ్ ట్యూబు పట్టుకుని ముందుకు వంగాడు. పుష్పలీల రెండో చెయ్యి ఆయన గ్లవుజు మీద పడింది. ఆ చేతిలో మూత తీసిన పెన్ను ఇంకా ఉంది.

"వన్ మినిట్" అంది ఇంగ్లీషులో, తనంత తానే పీలుస్తున్న పాప ఛాతీ వంకే చూస్తూ.

వెబ్ తలెత్తి, ఆమెకు సర్దిచెప్పమన్నట్టు ప్రఫుల్ల వంక చూశాడు. ప్రఫుల్ల సర్దిచెప్పలేదు, పుష్పలీల పక్కకు వచ్చి నిలబడింది. తెర మీద అంకె డెబ్భై ఎనిమిదికి దిగి, అక్కడే ఆగింది.